మా వదిన కుడికన్ను

మా వదిన ముప్పయ్యేళ్ళపాటు సూర్యుడికి వీపు పెట్టి నిలబడి జీతం తీసుకుంది. ఈ మాట మా అన్నయ్యది. అతను రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడతాడు, ఆ నాలుగూ ఇలాగే ఉంటాయి.

ఎగతాళిగా వినిపించినా అది నిజమే. ఊరి చివర గుట్ట మీద తెల్లటి గుమ్మటం ఒకటుంది. సూర్యుణ్ణి పరిశీలించే ఆఫీసు అది. గుమ్మటంలో ఒక టెలిస్కోపు, దాని వెనక కాస్త ఎడంగా ఒక పలక. పలకకి తెల్లకాగితం బిగిస్తే, టెలిస్కోపులోంచి వచ్చిన సూర్యుడు ఆ కాగితం మీద పళ్ళెమంత గుండ్రంగా వచ్చి పడతాడు. ఆ వెలుగులో అక్కడక్కడ నల్లటి మచ్చలుంటాయి. కొన్ని పెసరగింజంత, కొన్ని పెన్సిలు మొన ఆనించినంత. రోజూ పొద్దున్నే సూర్యుడికి వీపు చేసి నిలబడి, ఆ మచ్చల్ని ఉన్నవి ఉన్నట్టు పెన్సిలుతో దిద్ది, ఎన్నున్నాయో పైఆఫీసుకి చెప్పడం మా వదిన ఉద్యోగం. వీధిలో ఆవిడకి మచ్చలమ్మ అని పేరు.

మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. పైన వాళ్ళు, కింద వీధిగదిలో నేనూ నా కుట్టుమిషనూ. ఆవిడ ఆ ఇంటికి వచ్చిన కొత్తలో నేను ఊరుకోలేక అడిగాను.

“చంద్రుడికే అనుకున్నాను మచ్చ. సూర్యుడి పరువు కూడా తీస్తున్నావా వదినా?”

“నేను తీసేదేముంది, ఆయనే చూపించుకుంటున్నాడు,” అంది. “మచ్చలు ఎక్కువయ్యాయంటే ఆయనకి లోపల కోపం పెరుగుతోందని లెక్క. కోపమొస్తే ఊరుకోడు, కక్కేస్తాడు. ఆ విసురు మనదాకా వస్తుంది. దిక్సూచి ముల్లు వణుకుతుంది, రేడియో గరగరమంటుంది, ఒక్కోచోట కరెంటే పోతుంది. చుట్టూ తిరిగే గ్రహాలన్నిటికీ ఆ సెగ తగలాల్సిందే.”

“అయితే ఇంటిపెద్ద మొహం చూసి మసులుకోవాలంటావు.”

“అంతేనమ్మా ఆడపడుచుగారూ. నేను ఇంటిపెద్ద మొహం చూసి రాసుకునే గుమాస్తాని.”

ఆ కోపం పదకొండేళ్ళకోసారి పోటెత్తుతుందట. తర్వాత మెల్లగా తగ్గి, కొన్నాళ్ళు ఒక్క మచ్చైనా లేకుండా బోసిగా ఉండి, మళ్ళీ మొదలవుతుందట. ఇప్పటిదే ఆవిడ సర్వీసులో ఆఖరి పోటు. దీన్ని పూర్తిగా గీసి దిగిపోవాలని ఎంత ఆశపడిందో నాకు తెలుసు. పోయినసారి పోటు తగ్గుముఖం పట్టినప్పటినుంచీ దీనికోసం కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది.

ఆవిడ పని చేసే తీరు ఒకటి చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. పెన్సిలు పట్టుకోగానే ఎడమకన్ను మూసేస్తుంది. కుడికంటితోనే చూస్తుంది. పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడట, “రెండు కళ్ళూ రెండు సాక్ష్యాలు చెబుతాయి. ఒకదాన్ని ఎంచుకో, చచ్చేదాకా దాన్నే నమ్ము,” అని. అక్కడ ప్రతి చూసేవాళ్ళకీ ఒక దిద్దుబాటు అంకె ఉంటుంది. ఒకరి కన్ను చురుకు, ఒకరిది మందం కాబట్టి, ఎవరి లెక్కని వాళ్ళ అంకెతో సరిచేసి అందరి లెక్కలూ కలుపుతారు. కన్ను మారిస్తే ఆ అంకె చెడిపోతుంది. అందుకని మా వదిన మొగుణ్ణైనా మారుస్తుందేమోగాని కన్ను మార్చదు అని మా అన్నయ్యే అన్నాడు. అది ఆ రోజుకి అతని నాలుగో మాట.

దుమ్ముకి కూడా వాళ్ళ దగ్గర పరీక్షలున్నాయి. కాగితం కదిపితే దాంతోపాటు కదిలేది కాగితం మీది నలుసు. అద్దం తిప్పితే తిరిగేది అద్దం మీది దుమ్ము. రెండిటికీ కదలకుండా నిలబడేది సూర్యుడిది. ఇన్ని పరీక్షలు పెట్టినవాళ్ళు, చూసే కంటికి మాత్రం ఏ పరీక్షా పెట్టలేదు.

ఆ ఎడమకన్ను మూసే అలవాటు ఇంటికి కూడా వచ్చింది. నాకు దగ్గరి చూపు ఎప్పటినుంచో సరిగా లేదు. మిషన్ మీద పని ఎలాగో లాగించేస్తానుగాని, బొత్తాలకీ అంచులకీ చేతిసూది కావాలి, సూదిలో దారం ఎక్కించడం నావల్ల కాదు. వదిన గుట్టకి బయల్దేరేముందు నా బల్ల దగ్గర ఆగి, ఎడమకన్ను మూసి, రంగుకొకటి చొప్పున సూదులన్నీ ఎక్కించి దూదిమెత్తకి గుచ్చి వెళ్ళేది. నేను అడిగేదాన్ని కాదు, ఆవిడ చెప్పేదీ కాదు. ఒకరికొకరం మాటలతో ఎంత గిచ్చుకున్నా ఆ సూదులు మాత్రం రోజూ సిద్ధంగా ఉండేవి.

మా మేనకోడలు నర్సు ట్రైనింగులో చేరినప్పుడు దానికి తెల్లకోటు కుట్టాను. అంటే వాళ్ళమ్మాయికే. వదిన వచ్చి కాలరు ఇంకాస్త వెడల్పు పెట్టమంది. “సూర్యుడికి మచ్చలు నువ్వు దిద్దు, కోటుకి కాలరు నేను దిద్దుతాను,” అన్నాను. మర్నాడు పొద్దున్న బొత్తాలు కుట్టడానికి సూది తీసుకుంది, దారం తడి చేసింది, ఒకసారి పొడిచింది, రెండుసార్లు పొడిచింది. సూది బల్ల మీద పెట్టేసింది.

“ఇప్పటి సూదులకి బెజ్జాలే సరిగా పెట్టట్లేదు. నువ్వే ఎక్కించుకో,” అని వెళ్ళిపోయింది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది! కాలరు దగ్గర నేనన్న మాట పట్టుకుని అలిగిందని నాకు అర్థమైపోయింది. నాకూ రోషముంది. బజారుకి వెళ్ళి దారం ఎక్కించే సన్నతీగ కొనుక్కొచ్చుకుని, మళ్ళీ ఆవిడ మొహాన సూది పెట్టలేదు. మాటలు ఉన్నాయిగాని, ఆ పొద్దుటి పని మాత్రం మా మధ్య నుంచి లేచిపోయింది. మేనకోడలు ట్రైనింగు ముగించి ఉద్యోగంలో చేరేదాకా, ఆ తర్వాత కూడా, నేను ఆ అలకని గుర్తుపెట్టుకునే ఉన్నాను.

ఈలోపు పైఆఫీసు వాళ్ళు గుట్ట మీదికి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. అన్నిచోట్లా సూర్యుడు పోటెత్తుతుంటే, మా వదిన కాగితం మీది సూర్యుడు మాత్రం మందగిస్తున్నాడట. పెద్ద మచ్చలు సరిపోతున్నాయి, చిన్నవి తగ్గిపోతున్నాయి. “మీ సూర్యుడికేమైనా ఒంట్లో బాగాలేదా?” అని వాళ్ళు నవ్వారట. వదిన అగ్గి మీద గుగ్గిలమైంది. అద్దాలు తుడిపించింది, కాగితం మార్పించింది, గుమ్మటం తలుపు సందుల్లో కూడా వెతికించింది. ఏదీ తేలకపోయేసరికి, “మిగతావాళ్ళంతా దుమ్ముని కూడా లెక్కేసుకుంటున్నారు,” అని తేల్చేసింది. అదే నిజమని నేనూ నమ్మాను. మా వదిన కన్ను తప్పు చూస్తుందని నాకు కలలోకైనా రాలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, వదిన గుట్ట దిగి పరుగులాంటి నడకతో వీధిలోకి వచ్చింది. ఆవిడ అలా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

“ఏమే, మిషన్ ఆపి బయటికి రా! ఇంత పెద్ద మచ్చ నా సర్వీసులో చూడలేదు. టెలిస్కోపు కూడా అక్కర్లేదు, వట్టికంటికే కనపడుతుంది. వెల్డింగ్ బాబాయ్ దగ్గర నల్లగాజు ఉంటుంది కదా?”

పక్క షాపు వెల్డింగ్ బాబాయ్ తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే చిక్కటి గాజు తీసి ఇచ్చాడు. దాన్ని కళ్ళకి అడ్డం పెట్టుకోకుండా తల ఎత్తితే ఒప్పుకోనని వదిన అందర్నీ బెదిరించింది. వీధి వీధంతా వరస కట్టింది. బాబాయ్ చూసి ఈల వేశాడు. అన్నయ్య చూసి, “రొట్టె మీద నల్లనువ్వులా ఉంది,” అన్నాడు. నా వంతు వచ్చింది. దూరపు చూపు నాకు బాగానే ఉంది. గాజులో సూర్యుడు పచ్చటి బిళ్ళలా ఉన్నాడు, నడుమకి కాస్త పక్కగా నల్లటి చుక్క స్పష్టంగా ఉంది. నిజం చెప్పొద్దూ, నా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ ఆవిడ చెప్పింది విన్నానుగాని, ఆయన మొహాన మచ్చ నా కళ్ళతో చూడటం అదే మొదలు.

“ఇంక నువ్వు చూడు గుమాస్తాగారూ, ముప్పయ్యేళ్ళకి ఇవాళైనా ఆయనవైపు తిరుగు,” అన్నాను.

వదిన నవ్వుతూ గాజు అందుకుంది. అలవాటుగా ఎడమకన్ను మూసింది. తల ఎత్తింది.

“ఏదీ?” అంది.

అందరం నవ్వాం. ఆటపట్టిస్తోందనుకున్నాం.

“గాజు మసకగా ఉంది బాబాయ్, తుడవండి.”

ఆయన చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. ఆవిడ మళ్ళీ చూసింది. “మబ్బేమైనా అడ్డొచ్చిందా?” అంది. నేను ఆకాశం చూశాను. దూదిపింజంత మబ్బు కూడా లేదు.

“మచ్చలమ్మకే మచ్చ కనపడలేదర్రోయ్,” అని వెనకనుంచి ఎవడో కూశాడు. నా చేతిలో కత్తెర ఉంది. వాడివైపు తిరిగి ఒక్క చూపు చూశాను, నోరు మూసుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగితే ఆవిడ ఎడమకన్ను ఇంకా మూసే ఉంది.

“వదినా, ఆ రెండో కన్ను తెరువు,” అన్నాను.

ఎడమకన్ను తెరిచింది. “ఆఁ, ఉంది. అదిగో,” అంది. మూసింది. తెరిచింది. మూసింది. కుడికన్ను మూసి ఎడమది తెరిచింది. ఆ తర్వాత గాజు కిందికి దించి నావైపు చూసింది. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. బాబాయ్ వచ్చి ఆవిడ చేతిలోంచి గాజు మెల్లగా తీసుకున్నాడు, జారి పడుతుందేమోనని.

మా మేనకోడలు పనిచేసే ఆస్పత్రికే ఆ సాయంత్రం తీసుకెళ్ళాం. కళ్ళడాక్టరు చాలాసేపు చూసింది. కుడికన్ను లోపలి పొరలో, సరిగ్గా నడుమ, చిల్లు పడిందట.

“ఎండవల్లా డాక్టరుగారూ?” అని అడిగాను.

“కాదమ్మా. వయసు మీద కొందరికి ఇలా వస్తుంది. మొదట్లోనే వచ్చుంటే ఏదైనా చేసేవాళ్ళం. బాగా పాతది, పాతచూపు రాదు.”

“మరి నాకు తెలియలేదేం?” అంది వదిన. ఆవిడ గొంతు నాకు కొత్తగా వినిపించింది. “చీకటిగా ఏమీ లేదే. నాకు కాగితం అంతా తెల్లగానే కనపడేదే!”

“చిల్లున్నచోట కన్ను చూడదు. చుట్టూ ఏ రంగు ఉంటే ఆ రంగే మనసు అక్కడ పూసేస్తుంది. చిల్లుకంటే పెద్దదైతే కనపడుతుంది, చిన్నదైతే అందులో పడి మాయమవుతుంది. రెండు కళ్ళూ తెరిచి ఉంచితే రెండోది కప్పిపుచ్చుతుంది.”

నాకు వెంటనే అర్థమైంది. చిరిగినచోట అదే రంగు దారంతో అల్లి రఫూ చేస్తే చిరుగున్నట్టు తెలియదు. మా వదిన కన్ను కూడా సూర్యుణ్ణి అలాగే రఫూ చేసుకుంటూ వచ్చింది. చిన్నచిన్న మచ్చల మీద తెలుపు పూసుకుంటూ, ఎంతో నిజాయితీగా, లేదు లేదు అని రాస్తూ వచ్చింది.

ఇంటికి వచ్చాక ఆవిడ మెట్ల మీదే కూర్చుండిపోయింది. అన్నయ్య టీ పెట్టి తెచ్చి పక్కన పెట్టి, పైకి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం నోరు ఊరుకోదు కదా.

“నా మాట విను వదినా. రేపటినుంచి ఎడమకంటితో చూడు. లెక్క సరిపోతుంది. వాళ్ళు అద్దం బాగుపడిందనుకుంటారు. ఇంకెన్నాళ్ళుందని నీ సర్వీసు? ఎవడికి తెలుస్తుంది?”

“నాకు తెలిసింది కదా,” అంది.

“తెలిస్తే తెలిసింది. చెబితే ఆ పోటంతా పోతుంది. ఇన్నేళ్ళు ఎదురుచూసింది దానికోసమేగా!”

“రేపు ఎవరో పుట్టి, నా బొమ్మ ముందేసుకుని, ఆ ఏళ్ళలో సూర్యుడు నీరసపడ్డాడనుకుంటారు. నీరసపడింది నేను. ఆయన మీద వేస్తే ఎలా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. సూర్యుడికి ఏం తక్కువైందని ఆయన పరువు కాపాడటం? ఈవిడ పరువు మాటేమిటి? అరిచాను కూడా. ఆవిడ వింది, టీ తాగింది, పడుకుంది.

మర్నాడు వెళ్ళి గుట్ట మీద పెద్దసారుకి అంతా చెప్పేసింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడట. చివరికి, “మీ లెక్కలు ఎప్పటినుంచి తీసేయమంటారు? ఆ రోజు మీరే చెప్పండి, అదే రాస్తాను,” అన్నాడట. కళ్ళడాక్టరుకి తెలియదు, టెలిస్కోపుకి తెలియదు. ఆవిడ సరాసరి నా గదిలోకి వచ్చింది.

“నీకు సూదులు ఎక్కించడం ఎప్పుడు మానేశాను?”

నేను పెడల్ మీదనుంచి కాలు తీశాను. అప్పుడు తగిలింది నాకు అసలు దెబ్బ. ఆ పొద్దున్న ఒకసారి పొడిచి, రెండుసార్లు పొడిచి సూది బల్ల మీద పెట్టిన చెయ్యి కళ్ళ ముందు కనపడింది. అలక లేదు, కాలరు లేదు. మేనకోడలు చదువు ముగిసేదాకా నేను పగబట్టింది ఒక చిల్లు మీద.

రోజు నాకు బాగా తెలుసు. కానీ కోటు అని చెబితే, ఈ పోటు మొదలవకముందునుంచీ అంతా కొట్టుకుపోతుంది. ఆవిడకి ఒక్క రోజు కూడా మిగలదు. ఆస్పత్రి వాళ్ళకి కర్టెన్లు కుట్టింది ఆ తర్వాత ఎన్నాళ్ళకో, మొన్నమొన్ననే; అప్పటినుంచి అంటే పోయేది కాస్తే.

“కర్టెన్లప్పుడు,” అన్నాను, దారపుండల్ని సర్దుతూ.

“కర్టెన్లకి చేతిసూది ఎందుకే? అంచులతో సహా మిషన్ మీదే లాగించేశావు. నేను చూశానుగా.”

నా చెవులు వేడెక్కాయి. “తెలిసినదానివి నన్నెందుకు అడుగుతున్నావు మరి?”

“ముప్పయ్యేళ్ళు ఒక్క సాక్ష్యాన్నే నమ్ముకున్నాను,” అంది. “ఇప్పుడు రెండోది కావాలి. నువ్వు చెప్పు.”

అబద్ధం ఆడదామనే నోరు తెరిచాను. ఆవిడ రెండు కళ్ళూ తెరిచి నన్నే చూస్తోంది, ఏది నన్ను చూస్తోందో ఏది చూడటం లేదో తెలియకుండా.

“కోటు,” అన్నాను. “కోటు బొత్తాలప్పుడు.”

“నాకూ అదే గుర్తు,” అని తలాడించి, చెప్పులు వేసుకుని మళ్ళీ గుట్టకి వెళ్ళింది. ఆ నాలుగేళ్ళ బొమ్మలూ లెక్కలోంచి తీసేశారు. పైఆఫీసులో మిగతా ఊళ్ళవాళ్ళ లెక్కలున్నాయి కాబట్టి సూర్యుడికి ఏ లోటూ రాలేదట. పోటు మొదలైంది, పెరిగింది, మా వదిన తప్ప అందరూ దాన్ని గీశారు.

ఆవిణ్ణి పనిలోంచి తీసేయలేదు. కాకపోతే ఎడమకంటికి కొత్త అంకె కావాలి. అది తేలేదాకా ఆవిడ బొమ్మ లెక్కలోకి రాదు, కొత్తగా చేరిన మనిషికి ఎలాగో అలాగే. ఆ మొదటిరోజు పొద్దున్న బయల్దేరుతూ నా బల్ల దగ్గర ఆగింది. సూది తీసింది, దారం తడి చేసింది. ఎడమకన్ను మూయబోయి, ఆగి, కుడిది మూసింది. దారం మొన బెజ్జం పక్కన తచ్చాడింది. ఇది ఎక్కినట్టే అనుకుని నేను సన్నతీగ కోసం సొరుగు తెరిచాను.

ఒక్క పోటుకే దారం బెజ్జంలోంచి అవతలికి వచ్చేసింది.

ఇద్దరం ఆ సూదివైపు చూస్తూ ఉండిపోయాం. ముప్పయ్యేళ్ళు మూసి ఉంచిన కన్ను. నిక్షేపంలాంటి కన్ను. పక్కనే ఉంది. ఆ నాలుగేళ్ళలో ఏ ఒక్క పొద్దున్నైనా అది తెరిచి ఉంటే చాలు. డాక్టరు దగ్గర ఏడవలేదు, పెద్దసారు ముందు ఏడవలేదు, ఆవిడ అప్పుడు ఏడ్చింది. సూది వదలకుండా, నిలబడే, వెక్కివెక్కి ఏడ్చింది. నోటికొచ్చింది అనేశాను.

“ఊరుకో వదినా. ఉన్న ఒక్క కన్నూ తడుపుకుంటే ఇవాళ మచ్చలన్నీ రెండేసి కనపడతాయి.”

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆవిడకి. చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ సూదిని దూదిమెత్తకి గుచ్చింది. ఇంకో సూది చేతిలోకి తీసుకుంది.

“ఇప్పుడు ఏ రంగు?” అంది.